నీలం గడి

సుబ్బరత్నంగారు నాలుగో అంతస్తుకు ఎక్కి వచ్చేసరికి గోడ మీది తెర మొత్తం ఆకుపచ్చగా ఉంది. ఆబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులోని ఆ పాత భవనంలో లిఫ్టు ఉంది గానీ, అది పనిచేయగా చూసినవాళ్లు లేరు. ఆవిడ తలుపు పట్టుకుని కాసేపు ఆయాసం తీర్చుకుని, చేతిలోని ప్లాస్టిక్ ఫైలు తెచ్చి చంద్రిక బల్ల మీద పెట్టింది.

"నిన్న ఫోనులో మాట్లాడింది నువ్వేనా అమ్మా?"

గొంతు వినగానే చంద్రికకు అర్థమైపోయింది. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే దుకాణం ఈవిడది. నిన్న మంగళవారం మూడుసార్లు ఫోన్ చేసిన గొంతు ఇదే.

"నేనే మేడం. కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదు," అంటూనే కూర్చుంది సుబ్బరత్నం. "ఇందులో ఏడుగురు ఆడపిల్లల కాగితాలున్నాయి. నర్సింగ్ సీటుకి దరఖాస్తులు. నిన్న సాయంత్రం ఐదింటితో గడువు అయిపోయింది. పొద్దున పదింటికి పోయిన నెట్టు ఐదూ నలభైకి వచ్చింది. పదకొండింటికి అడిగితే మా మనిషి వస్తున్నాడన్నావు. ఒంటిగంటకీ అదే మాట, మూడింటికీ అదే మాట. ఎక్కణ్ణుంచమ్మా వస్తున్నాడు, కాశీ నుంచా?"

చంద్రిక గోడ వైపు చూసింది. ఆబిడ్స్, నాంపల్లి, కోఠి, కాచిగూడల్లో వాళ్ల కంపెనీ డబ్బాలు రెండు వందల పద్నాలుగు ఉన్నాయి. ఇళ్లకూ దుకాణాలకూ నెట్టు పంచేవి అవే. ఒక్కో డబ్బాకు తెర మీద ఒక్కో గడి. డబ్బా పలికితే గడి ఆకుపచ్చ. ఆలస్యంగా పలికితే పసుపు. అసలే పలక్కపోతే ఎరుపు, ఎరుపుతోపాటు బల్ల మీది స్పీకరు కూత మొదలుపెడుతుంది. బయట తిరిగే కుర్రాళ్లందరి ఫోన్లకూ మెసేజ్ వెళుతుంది. వాళ్లలో ఎవరో ఒకరు జవాబుగా ఒకటి అంకె కొడితే, ఆ పని వాళ్లు తీసుకున్నట్టు. గడి నీలంగా మారుతుంది, పక్కన వాళ్ల పేరు పడుతుంది, కూత ఆగిపోతుంది.

"నిన్న మీ గడి నీలం ఉండె మేడం. నీలం అంటే మా మనిషి పని తీసుకున్నడని. అది చూసే చెప్పిన మీకు."

"నీలమో ఊదారంగో నాకెందుకు? ఆ మనిషి మా సందు మొహం చూడలేదు."

మాటలు విని గాజు గదిలోంచి మేనేజరు శశికిరణ్ బయటికొచ్చాడు. నిన్న సాయంత్రం యజమాని చేత తిట్లు తిని, తనే బైకు వేసుకుని నాంపల్లి వెళ్లి ఆ డబ్బాను బతికించాడు. డబ్బా ఒక లాడ్జి మెట్ల కింద ఉంటుంది. నీళ్ల మోటారు కోసం లాడ్జి వాళ్లు దాని ప్లగ్గు పీకి, తిరిగి పెట్టడం మరిచిపోయారు. మళ్లీ పెట్టడానికి అతనికి ఒక్క నిమిషం పట్టింది.

"చాలా పొరపాటు జరిగిందండీ. బాధ్యులెవరో తేలుస్తాం," అన్నాడు శశికిరణ్.

"తేల్చుకోండి. తేలిన మనిషిని పెట్టుకుని ఏం చేసుకుంటారు పిల్లలు?" ఆవిడ లేచింది. ఫైలు మాత్రం తీసుకోలేదు. "అది ఇక్కడే ఉండనివ్వండి. మీ గోడతోపాటు దాన్నీ చూస్తూ ఉండండి."

ఆవిడ మెట్లు దిగే చప్పుడు ఆగాక శశికిరణ్ వచ్చి చంద్రిక కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె నిన్నటి చిట్టా తెరిచింది. ఉదయం పది పన్నెండు, ఎరుపు. పది పదమూడు, నీలం, రాజమల్లు. సాయంత్రం ఐదు నలభై, ఆకుపచ్చ. మధ్యలో ఏడున్నర గంటల పాటు ఏమీ లేదు.

"తీసుకున్నాడు, వెళ్లలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు శశికిరణ్. "శుక్రవారానికల్లా రిపోర్టు రాసివ్వు. రాజమల్లుని తీసేద్దాం. అన్నట్టు, ఒకటో తారీఖు నుంచి షిఫ్టు ఇన్‌చార్జివి నువ్వే. లెటరు సంతకమైపోయింది, శుక్రవారం ఇస్తాను."

రెండేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది చంద్రిక. వచ్చిన రోజు ఏమిటో సంతోషం నోటిదాకా రాలేదు. ఫైలు పక్కకు జరిపి కీబోర్డు ముందుకు లాక్కుంది.

*

మధ్యాహ్నం రాజమల్లు వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఫైబర్ తీగ ముక్కలు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. భుజాన ఎప్పటి సంచే, అందులోంచి తాడు కొస ఒకటి బయటికి వేలాడుతోంది. స్టూలు చూపించినా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నిన్న నాంపల్లి మెసేజికి ఒకటి కొట్టింది నువ్వేనా?" అడిగాడు శశికిరణ్.

"ఔ సారు. నేనే కొట్టిన."

"అప్పుడు ఎక్కడున్నావు?"

"కాచిగూడల. తీగ మార్చేది ఉండె. విజయేందర్ సారు సోమారమే చెప్పి పెట్టిండు. పొద్దుమూకెదాంక స్తంభం మీదనే ఉన్న."

విజయేందర్ వీళ్లందరికీ సూపర్‌వైజరు. చెల్లెలి పెళ్లని మంగళవారం సెలవులో ఉన్నాడు.

"కాచిగూడలో స్తంభం మీద కూర్చుని నాంపల్లి పని ఎందుకు తీసుకున్నావయ్యా? ఒకటి కొట్టడమంటే ఏంటో తెలుసా నీకు?"

రాజమల్లు చంద్రిక బల్ల మీది స్పీకరు వైపు చూశాడు. 

"మెసేజ్ వచ్చింది సారు. కొట్టిన," అన్నాడు చివరికి.

"చూశావా?" అన్నట్టు శశికిరణ్ చంద్రిక వైపు తిరిగాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి పేరు చూసే కదా తను ఆ పెద్దావిడకు మూడుసార్లు మాటిచ్చింది.

"కాకా, నీ పేరు చూసి నేను నమ్మిన. రాలేనని ఒక్క ఫోన్ చేస్తే ఏం పోతుండె నీది?"

"నువ్వన్న చేస్తే అయిపోతుండె గద బిడ్డా," అన్నాడు రాజమల్లు. విసుగు లేదు ఆ గొంతులో. ఉన్నమాట చెప్పినట్టుగానే చెప్పాడు.

ఫోన్లు చేయొద్దని నెల క్రితం శశికిరణే గోడకు కాగితం అంటించాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, మెసేజులు ఇక అదే పంపుతుంది, అన్నీ రికార్డులో ఉండాలి, నోటిమాటలు వద్దని దాని సారాంశం. ఆ కాగితం ఇంకా స్పీకరు పైనే ఉంది.

శుక్రవారం దాకా పనిలోకి రావొద్దని చెప్పాక రాజమల్లు సంచి దించి చంద్రిక బల్ల కింద పెట్టాడు. తీగలో నెట్టు వస్తోందో లేదో చూసే టెస్టరు బయటికి తీసి ఆమెకిచ్చాడు. "జర చార్జింగ్ పెట్టు బిడ్డా. మొత్తం దిగిందంటే మళ్ల తొందరగ ఎక్కది." అతను వెళ్లిపోయాక ఆమె దాన్ని ప్లగ్గుకు తగిలించి, చూడ్డం ఇష్టంలేక కాగితాల వెనక్కి నెట్టింది.

*

గురువారం పొద్దున రిపోర్టు మొదలుపెట్టింది. పైన తారీఖు, కింద డబ్బా నంబరు, ఆ కింద జరిగినది. నాలుగు వాక్యాల్లో అయిపోవాల్సిన పని. రాజమల్లు ఇలా ఎన్నిసార్లు చేశాడో కూడా రాస్తే గట్టిగా ఉంటుందని నెల రోజుల చిట్టా తీసింది. ఆ బుద్ధి పుట్టకపోతే అంతా శశికిరణ్ అనుకున్నట్టే జరిగిపోయేది.

నెలలో వచ్చిన మెసేజులు అరవై ఒకటి. అరవై ఒక్కదానికీ నీలం కొట్టింది రాజమల్లే, అదీ నిమిషంలోపే. అతను ఆబిడ్స్‌లో ఉన్నా, కాచిగూడలో ఉన్నా, వారాంతపు సెలవులో ఉన్నా అంతే. మిగతా కుర్రాళ్లు నెలంతా ఒక్కసారీ కొట్టలేదు. కొట్టే అవసరమేముంది, వాళ్ల ఫోను చూసుకునేలోపే రాజమల్లు తీసుకున్నాడని వచ్చేస్తుంటే! ఎక్కువ డబ్బాలు కరెంటు పోయి ఆగినవే. పది నిమిషాల్లో వాటంతటవే లేచాయి. లేవని వాటికి విజయేందర్ గోడ మీది కాగితాన్ని పట్టించుకోకుండా ఎవరికో ఒకరికి ఫోన్ చేసి పంపాడు. మంగళవారం విజయేందర్ లేడు.

పని ఎగ్గొట్టేవాడు సెలవురోజు కూడా ఎందుకు కొడతాడు? చంద్రిక మౌసు వదిలేసింది. నిన్న రాజమల్లు స్పీకరు వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. ఫోను తీసి అతనితో తన వాట్సాప్ మాటలు పైకి జరుపుకుంటూ పోయింది. నెల వెనక్కి వెళ్లేసరికి దొరికింది. తను పంపిన వాయిస్ మెసేజ్, ఆరు సెకన్లు. చెవి దగ్గర పెట్టుకుంది. వెనక స్పీకరు కూత, దాని మీద తన గొంతు.

"అదేం లేదు కాకా, మెసేజ్ వస్తే ఒకటి కొట్టు. ఈడ కూత ఆగుతది. తలకాయ పలుగుతున్నది నాకు."

దాని పైన రాజమల్లు పంపినది: "బిడ్డా, గీ ఇంగ్లీషు మెసేజులు ఏంది, ఏం చెయ్యాలె నేను?" వాయిస్ కింద అతను జవాబుగా పెట్టిన బొటనవేలు బొమ్మ.

ఆమె ఇంకోసారి విన్నది. మూడోసారి వినలేకపోయింది. అతను నెల రోజులుగా కొట్టింది పని తీసుకోవడానికి కాదు, తన తలనొప్పి తగ్గించడానికి. స్తంభం మీద ఒంటిచేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి మరీ కొట్టి ఉంటాడు. చంద్రికకు సిగ్గేసింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, ఈ మెసేజ్ తమ ఇద్దరి ఫోన్లలో తప్ప ఎక్కడా లేదు కదా అని. వచ్చినందుకు మరింత సిగ్గేసింది.

భోజనం వేళ అన్నం డబ్బా తెరవకుండా, ఫైలు చంకలో పెట్టుకుని నాంపల్లి బయల్దేరింది. ఎండలో నడిచినా పదిహేను నిమిషాలే పట్టింది. రెండేళ్లుగా ఆ గడిని రోజూ చూస్తోంది. అది తన కుర్చీకి పదిహేను నిమిషాల దూరంలో ఉందన్న సంగతి ఎప్పుడూ తట్టలేదు.

దుకాణంలో సుబ్బరత్నం ఒక ముసలాయనకు పింఛను కాగితం నింపిపెడుతోంది. మూల బల్ల మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిను సంచి.

"గడువు పెంచుతారేమోనని ఈ శ్రీనిధి నిన్నా వచ్చింది, ఇవాళా వచ్చింది," అంది సుబ్బరత్నం ఫైలు అందుకుంటూ. "వికారాబాద్ బండికి వస్తుంది. పెంచలేదు. ఇంక వచ్చే ఏడాదే."

"ఏం కాదులే మేడం," అంది ఆ అమ్మాయి, ఎవరికి చెప్పాలో తెలియనట్టు.

"ఏం కాకపోవడమేంటే? మంగళవారం మూడింటికి ఇది కోఠి వెళ్తానని లేచిందమ్మా. అక్కడ నాకు తెలిసిన సెంటరుంది. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. వాళ్లు వస్తున్నామంటున్నారు కదా, ఎండలో ఎందుకు తిరుగుతావు అని." సుబ్బరత్నం ఫైలు సొరుగులో పెట్టింది. ఇవాళ ఆవిడ గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. "తెలియకపోతే తెలియదనొచ్చు కదమ్మా? ఆ ఒక్కమాట నువ్వనుంటే ఏడుగుర్నీ ఆటోలెక్కించేదాన్ని."

చంద్రికకు నీలం గడి చూసి చెప్పానని మళ్లీ అనడానికి నోరు రాలేదు. లాడ్జి దాకా వెళ్లి మెట్ల కింద వంగి చూసింది. దుమ్ముకొట్టుకుపోయిన డబ్బా, దాని మీద మిరపగింజంత ఆకుపచ్చ దీపం. అక్కడే మెట్టు మీద కూర్చుని రాజమల్లుకు ఫోన్ చేసింది.

"కాకా, నేను పంపిన వాయిస్ మెసేజ్ నీ ఫోన్ల ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా."

"మరి నిన్న సారుకు ఎందుకు వినిపియ్యలె?"

అటువైపు ఎక్కడో కుక్కరు విజిలు వినిపించింది.

"వినిపిస్తే ఏమైతది? ఇద్దరం పోతం. ఒక్కడు పోతే సాలదా?" అన్నాడు రాజమల్లు. "నాకేం ఫికర్ లేదనుకోకు. ఉన్నది. కిరాయి ఇల్లు, ఆమెకు షుగరు. గని నువ్వు తలనొప్పి అన్నవ్, నేను కొట్టిన. దానికి నీ పేరెట్ల చెప్పుదు? నువ్వే చెప్తవేమోనని చూసిన. చెప్పలేదు. నిన్నటి నుంచి ఫోన్ గూడ చెయ్యకపోతివి."

"నాకు యాదికే లేదు కాకా. ఒట్టు."

"ఔనా," అన్నాడతను. నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు.

*

శుక్రవారం రిపోర్టు రెండు పేజీలయింది. శశికిరణ్ గాజు గదిలో నిలబడే చదివాడు, తర్వాత కూర్చుని మళ్లీ చదివాడు. చంద్రిక ఫోను బల్ల మీద పెట్టి ఆ ఆరు సెకన్లు వినిపించింది. గదిలో తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"ఇది నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు," అన్నాడు శశికిరణ్.

"ఔ సార్."

"రెండో పేజీ తీసేస్తే రిపోర్టు పొట్టిగా, బాగా ఉంటుంది."

"తీసేస్తే రాజమల్లు కాకా పోతడు సార్."

"ఉంచితే నీ లెటరు ఆగుతుంది. ఇది పైకి పంపాక నిన్ను ఇన్‌చార్జిని చెయ్యమని నేనెలా అడగను?"

లెటరు అతని మోచేతి దగ్గరే ఉంది. తన పేరు తలకిందులుగా కనిపిస్తోంది. ఆ కాగితం చంద్రికకు నిజంగా కావాలి, ఎంతగా అంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. తుడుచుకోవడం అతనికి కనపడకూడదని కిందికి చూసింది.

"ఉంచండి సార్," అంది.

శశికిరణ్ చివరి పేరా మీద వేలు పెట్టాడు. "సూపర్‌వైజరు సెలవులో ఉన్నప్పుడు బదులు ఎవరినీ పెట్టలేదు. ఒకటి అంకెకు అర్థమేమిటో ఫీల్డు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఫోన్లు వద్దన్నారు. ఇది నా గురించేగా?"

"పేరు రాయలేదు సార్."

"రాయలేదు, చాలా సంతోషం!" అతనికి నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. కాసేపు పెన్ను బల్లకేసి కొట్టాడు. ఆఖరికి సంతకం పెట్టి, లెటరు తీసి సొరుగులో పడేశాడు. "దీని సంగతి తర్వాత చూద్దాం. రాజమల్లుని రేపట్నుంచి రమ్మను." ఆ ఆఫీసులో తర్వాత చూద్దామంటే ఎంత తర్వాతో అందరికీ తెలుసు. ఆమె మొహం కడుక్కుని వచ్చేసరికి తన బల్ల దగ్గర కాగితం చిరిగిన చప్పుడయింది. చూస్తే, స్పీకరు పైన అంటించిన దాన్ని అతనే పీకుతున్నాడు.

శనివారం పొద్దున రాజమల్లు సంచి కోసం వచ్చాడు. చంద్రిక టెస్టరు తీసిచ్చింది. నిండా చార్జింగ్ ఉంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో పెట్టుకున్నాడు. క్షమించమని అడగడానికి ఆమె రాత్రంతా మాటలు వెతుక్కుంది గానీ, ఎదురుగా వచ్చేసరికి పని మాటలే వచ్చాయి.

"కాకా, ఒకటి కొడితే 'నేను పోతున్న' అని చెప్పినట్టు. నువ్వు కొట్టినవంటే ఇంకెవ్వరు పోరు. పోయేటట్టుంటేనే కొట్టు. లేకుంటే కొట్టకు."

"మరి ఈడ కూత?"

"కూయనియ్యి కాకా."

రాజమల్లు మొదటిసారి నవ్వాడు. "గీ ముచ్చట నెల ముందు చెప్తే ఎంత బాగుండు బిడ్డా," అని సంచి భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచాడు.

*

సోమవారం రెండు దాటాక స్పీకరు కూత మొదలుపెట్టింది. నాంపల్లి, అదే గడి, ఎరుపు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఎవరూ కొట్టలేదు. పక్క గదిలోని లెక్కల వాళ్లు తలుపు తెరిచి ఇటు చూశారు. శశికిరణ్ గాజు గదిలో చెవులు మూసుకుని, ఆపమని చేత్తో సైగ చేశాడు. స్పీకరు తీగ పీకేస్తే ఆగిపోతుంది. చంద్రిక తల అడ్డంగా ఊపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

ఆరో నిమిషంలో ఫోను మోగింది.

"నేనమ్మా, నాంపల్లి నుంచి. మళ్లీ పోయింది. ఇద్దరు పిల్లలున్నారు, హాల్‌టికెట్లు తీయాలి, ఇవాళే ఆఖరు." సుబ్బరత్నం ఆగింది. "ఎవరన్నా వస్తున్నారా?"

చంద్రిక గోడ వైపు చూసింది. వస్తున్నారు అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలియదు మేడం. ఇంకా ఎవరూ తీసుకోలేదు. పిల్లల్ని కోఠి పంపించండి."

అటువైపు ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, "లేవండమ్మా, కాగితాలు తీసుకోండి, లేవండి" అన్న కేక, కుర్చీలు జరిగిన చప్పుడు. ఫోను పెట్టేయడం కూడా మరిచిపోయిందావిడ.

కూత సాగుతూనే ఉంది. పదకొండో నిమిషంలో చంద్రిక సొంత ఫోను మోగింది.

"స్తంభం దిగిన బిడ్డా, సుల్తాన్ బజార్ల," అన్నాడు రాజమల్లు రొప్పుతూ. "బండి స్టార్ట్ చేసిన. లాడ్జోడు మళ్ల పీకినట్టున్నడు, ఈసారి టేపు చుట్టే వస్త. కొడుతున్న."

"కొట్టు కాకా."

గడి నీలంగా మారింది. ఆఫీసంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. బల్ల మీది ఫోను ఇంకా తెరిచే ఉందని చూసి చంద్రిక చెవికి ఆనించుకుంది.

"మేడం, ఇప్పుడు తీసుకున్నడు. మా రాజమల్లు కాకా. సుల్తాన్ బజార్ నుంచి బయల్దేరిండు, నాతోనే మాట్లాడిండు."

"రానీ అమ్మా, నెమ్మదిగా రమ్మను," అంది సుబ్బరత్నం. "పిల్లలు ఆటో ఎక్కి వెళ్లిపోయారు."